దారం తెగితే మగ్గం ఆగాలి

జపాన్ ఇంజనీరు తైచీ ఓనో 1932లో ఉద్యోగంలో చేరింది టొయోడా కుటుంబం నడిపే నూలు, నేత మిల్లులో. ఆ కుటుంబ పెద్ద సకిచి టొయోడా 1924లో తయారుచేసిన మరమగ్గం పోగు తెగితే దానంతటదే ఆగిపోయేది. చెడ్డ బట్ట గజాలకొద్దీ నేయడం తప్పింది. ఒక్కో మగ్గానికి ఒక్కో మనిషి కాపలా కాయడమూ తప్పింది. 1943లో అదే కుటుంబం స్థాపించిన టొయోటా కార్ల కంపెనీకి మారిన ఓనో ఆ గుణాన్ని అక్కడికీ తెచ్చాడు. తప్పు కనబడితే కార్మికుడే లైను ఆపించవచ్చు.

యుద్ధంలో ఓడిన జపాన్‌లో డబ్బు కరువు, కార్లు కొనేవాళ్లూ తక్కువ. 1950లో టొయోటా దివాలా అంచుకు వెళ్లింది. ఎందరినో పనిలోంచి తీసేశారు, అధ్యక్షుడు కీచిరో టొయోడా రాజీనామా చేశాడు. విడిభాగాలు గుట్టలుగా చేసి గోదాముల్లో దాచుకునే స్తోమత ఆ కంపెనీకి లేదు. అందుకే అమెరికా సూపర్‌మార్కెట్ పద్ధతి ఓనోకు నచ్చింది. అక్కడ గిరాకీలు ఎంత తీసుకెళ్తే అరలో అంతే నింపుతారు. టొయోటాలోనూ తర్వాతి విభాగం వాడుకున్నంతే ముందు విభాగం మళ్లీ చేయాలి. ఏది, ఎన్ని కావాలో చెప్పే చీటీయే కాన్‌బాన్. చీటీ రాకపోతే యంత్రం ఖాళీగా ఉన్నా సరే, నడపకూడదు.

ఓనో లెక్కలో వృథా ఏడు రకాలు. అన్నిట్లో చెడ్డది అవసరానికి మించి చేయడం. అలా మిగిలిన సరుకు పెట్టడానికి చోటు, మోయడానికి మనుషులు, కాపాడడానికి ఖర్చు, అన్నీ దాని వెంటే వస్తాయి.

ఆయన నేర్పిన ఇంకో అలవాటు, ‘ఎందుకు’ అని అయిదుసార్లు అడగడం. యంత్రం ఎందుకు ఆగింది? లోడు పెరిగి ఫ్యూజు పోయింది. లోడు ఎందుకు పెరిగింది? బేరింగుకు ఆయిల్ చాలలేదు. ఎందుకు? పంపు సరిగా తోడలేదు. ఎందుకు? దాని షాఫ్టు అరిగింది. ఎందుకు? జల్లెడ లేక ఇనుప రజను లోపలికి పోయింది. ఫ్యూజు ఒక్కటే మారిస్తే నాలుగు రోజుల్లో యంత్రం మళ్లీ ఆగుతుంది.

కామారెడ్డి జిల్లా రాజంపేట రైతుకు ఇదంతా కార్ల ముచ్చటలా అనిపించవచ్చు. కానీ కొనుగోలు కేంద్రంలో వడ్లు రాశి పోసి, తేమ 17 శాతానికి దిగేదాకా ఆరబెట్టి, కాంటా కోసం, గన్నీ సంచుల కోసం, లారీ కోసం ఎదురుచూసేది ఆ రైతే. ఎదురుచూపు కూడా ఓనో ఏడింటిలో ఒకటి. రైతు పోగొట్టుకున్న రోజులు ఎవరి లెక్కలోనూ పడవు, నన్ను అన్నిటికంటే బాధించేది అదే. లారీ రాలేదంటే డ్రైవర్‌ను తిట్టి ఊరుకుంటాం. ఎందుకు రాలేదు? మిల్లు దగ్గర దించుకోక నిలబడిందా? అయితే ఎందుకు దించుకోలేదు? చోటు లేదా, హమాలీలు లేరా? అక్కడిదాకా అడిగితే తప్ప టార్పాలిన్ పంచడంతోనే ప్రతి ఏడూ గడిచిపోతుంది.

అయితే వరి కారు విడిభాగం కాదు. అందరి పొలాలూ దాదాపు ఒకేసారి పండుతాయి, హార్వెస్టర్లు వచ్చాక కోత మరీ త్వరగా ముగుస్తోంది. కొంత నిల్వ తప్పదు. టొయోటాకు కూడా 2011 భూకంపంలో విడిభాగాలు అందక ఉత్పత్తి ఆగింది, ఆ తర్వాత కీలకమైనవి కొన్ని ముందుగా నిల్వ ఉంచుకోవడం మొదలుపెట్టింది. కాబట్టి ఇక్కడ అడగాల్సింది రెండే: ఆ నిల్వ రోడ్డు మీద ఉండాలా, కప్పు కింద ఉండాలా? ఫలానా రోజున మిల్లు ఎన్ని లారీలు దించుకోగలదో కేంద్రానికి ముందురోజే తెలుస్తోందా?