పిండి పెట్టెకు ఉష్ణోగ్రత నియంత్రిక: ఏ తీగను తెంపాలి?

శంషాబాద్‌లో విమానాశ్రయానికి వెళ్లే దారిలో తెల్లవారుజామున నాలుగింటికే ఇడ్లీ కోసం క్యాబ్ డ్రైవర్లు ఆగుతారు. పిండి మాత్రం విమానాల వేళలు చూసి పొంగదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండకు అర్ధరాత్రికే పులిసిపోతుంది. చలికాలంలో 12 డిగ్రీలకు దిగే రాత్రుల్లో తెల్లారినా కదలదు. అందుకే అక్కడ ఒక టిఫిన్ సెంటర్ యజమాని పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో 40 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టించి, రెండింటికీ కలిపి ఒక టెంపరేచర్ కంట్రోలర్ బిగించుకున్నాడు. బల్బు వేడి గిన్నెకు నేరుగా తగలకుండా ఖాళీ నూనె డబ్బా రేకును అడ్డం పెట్టాడు.

ఒక జనవరిలో అతను నన్ను పిలిచి చెప్పిన మాట ఇది: "సార్, బల్బు వెలుగుతున్నప్పుడు రేకు ముట్టుకుంటే ఏమీ లేదు. ఆరిపోయాక ముట్టుకుంటేనే షాక్ కొడుతోంది."

ఇది ఎలా సాధ్యమో, ముందుకు చదివే లోపు మీరే ఒక్క నిమిషం ఆలోచించండి.

ముందుగా పెట్టె ఎందుకో చూద్దాం. ఇడ్లీ పిండిని పొంగించేది ఈస్టు కాదనీ, ప్రధానంగా ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బాక్టీరియా విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్ అనీ 1965లో స్టైన్‌క్రాస్ బృందం ప్రచురించిన పరిశోధన చూపింది. 28-30 డిగ్రీల దగ్గర ఈ కిణ్వ ప్రక్రియ రాత్రికి రాత్రి పూర్తవుతుంది. విదేశాల్లో ఇదే నియంత్రికను ఇంట్లో బీరు తయారుచేసుకునేవారు వాడతారు. మన దగ్గర లైసెన్సు లేకుండా మద్యం తయారీ ఆబ్కారీ చట్టం కింద నేరం కనుక మనం పిండితోనే సరిపెట్టుకుందాం. తీగల అమరికలో తేడా ఏమీ లేదు.

బజారులో ఎక్కువగా దొరికేది ఎస్‌టీసీ-1000 రకం నియంత్రిక. దాని వెనుక 8 టెర్మినళ్లు ఉంటాయి. 1, 2 నియంత్రిక తాను పనిచేయడానికి కావలసిన సరఫరాకు. 3, 4 సెన్సరుకు. 5, 6 వేడికి. 7, 8 చల్లదనానికి. సెన్సరు ఒక థర్మిస్టరు. 25 డిగ్రీల దగ్గర దాని నిరోధం 10,000 ఓమ్‌లు. ఉష్ణోగ్రత పెరిగితే తగ్గుతుంది, తగ్గితే పెరుగుతుంది.

5-6, 7-8 జంటలను బాగా గమనించండి. వాటి నుంచి దానంతటదే కరెంటు రాదు. అవి లోపలి రిలే కలిపి విడదీసే రెండు కొనలు మాత్రమే, గోడమీది స్విచ్‌కు ఉన్నట్టే. కరెంటు మనం తెచ్చి ఇవ్వాలి. సరైన అమరికలో ఫేజు తీగ 1కి వస్తుంది, అక్కడి నుంచి చిన్న తీగ ముక్కలతో 5కు, 7కు వెళుతుంది. 6 నుంచి బల్బుకు, 8 నుంచి ఫ్రిజ్ సాకెట్టుకు ఫేజు పోతుంది. న్యూట్రల్ 2కు, బల్బుకు, సాకెట్టుకు నేరుగా వెళుతుంది. ఎర్తు తీగ ఎక్కడా తెగకుండా ఫ్రిజ్ ఒంటికి, రేకుకు చేరాలి. రిలే సామర్థ్యం 10 ఆంపియర్లు. 120 వాట్ల కంప్రెసరు 230 ఓల్టుల దగ్గర సుమారు అర ఆంపియరు తీసుకుంటుంది. మొదలయ్యే క్షణంలో దానికి ఆరు రెట్లు లాగినా 3 ఆంపియర్ల చిల్లరే.

ఇప్పుడు ఆ షాక్ సంగతి. మెకానిక్ 5కు, 7కు ఫేజు బదులు న్యూట్రల్ ఇచ్చాడు. ఫేజు నేరుగా బల్బుకు పోయింది. బల్బు వెలగడంలో, ఆరడంలో ఏ లోపమూ కనబడదు. కానీ రిలే విడిపోయినప్పుడు తెగింది న్యూట్రల్ మాత్రమే. అప్పుడు ఫేజు ఫిలమెంటు గుండా అవతలి కొన దాకా వచ్చి నిలుస్తుంది. హోల్డరులో సరిగ్గా ఆ కొన దగ్గరే తీగపై తొడుగు లేచి రేకుకు తగులుతోంది. బల్బు వెలుగుతుంటే ఆ కొన న్యూట్రల్‌కు కలిసి ఉంటుంది కాబట్టి ఏమీ తెలియదు. ఆరితే రేకు మీద 230 ఓల్టులు! పెట్టె ఆఫ్ అయిందన్న ధైర్యంతోనే కదా మనం తడిచేయి లోపల పెడతాం.

దానికి తోడు ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఎర్తు తీగే లేదు. ఎర్తుతో పాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే ఈ తప్పు మొదటి రాత్రే బయటపడేది. 40 వాట్ల ఫిలమెంటు గుండా భూమిలోకి పోయే సుమారు 170 మిల్లీఆంపియర్లకు అది వెంటనే విడిపోతుంది. ప్లగ్గు పీకి, తీగలు మార్చి, తొడుగు సరిచేసి, ఈ రెండూ పెట్టించాను. కొన్ని బోర్డుల్లో ఫేజు, న్యూట్రల్ తారుమారుగా ఉంటాయి కనుక సాకెట్టు ముందు నిలబడితే కుడివైపు రంధ్రంలో ఫేజు ఉందో లేదో టెస్టరుతో చూశాను. యజమాని మాత్రం "రేపటికి పిండి అందుతుందా సార్?" అనే అడిగాడు.

సెన్సరును గాలిలో వేలాడదీయవద్దు. తలుపు తీసిన ప్రతిసారీ కంప్రెసరు ఉలిక్కిపడుతుంది. గిన్నె పక్కకు అంటించి పైన థర్మకోలు ముక్క కప్పండి. 10 లీటర్ల పిండిని నీరే అనుకున్నా, దాన్ని ఒక్క డిగ్రీ వేడి చేయడానికి 42 కిలోజౌళ్లు కావాలి. 40 వాట్ల బల్బు వేడంతా దానికే చేరినా 17 నిమిషాలు పైనే పడుతుంది. తొందర పడకూడదు.

ఇక అంకెలు: ఎఫ్1 దగ్గర 28, తేడా చూపే ఎఫ్2 దగ్గర 1, కంప్రెసరు ఆలస్యానికి ఎఫ్3 దగ్గర 5 నిమిషాలు. ఆగిన కంప్రెసరులో రెండువైపులా ఒత్తిడి సమం కావడానికి ఆ సమయం కావాలి. వెంటనే మొదలైతే మోటారు తిరగలేక వేడెక్కుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడూ ఈ ఆలస్యమే కాపాడుతుంది. ఫ్రిజ్ సొంత థర్మోస్టాట్‌ను అతి చల్లని గుర్తుకు తిప్పి వదిలేయండి, లేదంటే అదే ముందు ఆపేస్తుంది. ఇన్వర్టరు కంప్రెసరు ఫ్రిజ్‌లకు ఈ పద్ధతి పనికిరాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై అంకెలతో, గిన్నె దగ్గర ఉష్ణోగ్రత ఎంతకు పడితే బల్బు వెలుగుతుంది? ఎంతకు చేరితే ఆరుతుంది? అదే పెట్టెలో రేకుకు తగిలింది హోల్డరు రెండో కొన అయితే, షాక్ ఎప్పుడెప్పుడు కొడుతుంది? వలయం గీసి జవాబు రాయండి.