విజయవాడ కొండలపై పుణ్యక్షేత్రాలు

ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, ఎన్టీఆర్ జిల్లాలో కృష్ణానది ఒడ్డున ఉన్న విజయవాడ నగరంలో రెండు కొండలు యాత్రాస్థలాలుగా ప్రసిద్ధి చెందినవి. ఒకటి కనకదుర్గ అమ్మవారు వెలసిన ఇంద్రకీలాద్రి, రెండవది మేరీమాత పుణ్యక్షేత్రమున్న గుణదల కొండ.

ఇంద్రకీలాద్రి

ఇది ప్రకాశం బ్యారేజీ సమీపంలో ఉన్నది. అర్జునుడు తపస్సు చేసి శివుని నుండి పాశుపతాస్త్రాన్ని పొందినది ఇక్కడేనని స్థలపురాణం. శరన్నవరాత్రులలో అమ్మవారిని రోజుకొక రూపంలో అలంకరిస్తారు. మూలా నక్షత్రం నాటి సరస్వతీ అలంకారాన్ని దర్శించుటకు విద్యార్థులు అధికంగా వస్తారు. విజయదశమి నాడు కృష్ణానదిలో హంసవాహనంపై తెప్పోత్సవం జరుపుతారు.

గుణదల

1924లో ఫాదర్ ఆర్లాటి ఇక్కడ మేరీమాత విగ్రహాన్ని నెలకొల్పాడు. ఫ్రాన్సు దేశంలోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న మరియమాత బెర్నదెత్ అనే బాలికకు దర్శనమిచ్చిందని కాథలిక్కుల విశ్వాసం. ఆ స్మృత్యర్థం ఏటా ఫిబ్రవరి 9 నుండి 11 వరకు తిరునాళ్ళు జరుగుతాయి. యాత్రికులు కొండ శిఖరాన ఉన్న సిలువ వరకు ఎక్కుతారు.

ఆచారాలు

రెండు చోట్లా భక్తులు మ్రొక్కులు చెల్లిస్తారు, తలనీలాలు సమర్పిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. గుణదలకు హిందువులు కూడా వస్తారు. అయితే భావంలో భేదం కలదు. దుర్గను జగన్మాతగా పూజిస్తారు. కాథలిక్కులు మరియమాతను దేవతగా ఆరాధించరు, తమ కొరకు దేవుని ప్రార్థించమని ఆమెను వేడుకుంటారు. తలనీలాలు క్రైస్తవమతం విధించినవి కావు, ఈ ప్రాంతపు ఆచారం నుండి వచ్చినవి.

ప్రయాణం

విజయవాడ జంక్షన్ నుండి రెండు కొండలకూ బస్సులు, ఆటోలు లభిస్తాయి. గుణదల తిరునాళ్ళ తేదీలు మారవు. దసరా మాత్రం తిథిని బట్టి మారుతుంది.