నడుచుచున్న చిట్టాను చదువుట

అంగడిలో గుమాస్తా ప్రతి బేరమును వెంటనే చిట్టాలో వ్రాయును. సాయంకాలము తీరికగా ఆ పద్దులను ఆవర్జాకు ఎక్కించును. ఇంటర్నెట్టులో మన మడిగిన పుటలను అందించు సర్వరు అను యంత్రము కూడ ఇట్టి చిట్టా నొకదానిని వ్రాసికొనును. దానికే లాగ్ ఫైలని పేరు. అడిగిన వాని పేరు అందులో నుండదు; అతని నెట్టు చిరునామా, అడిగిన సమయము, కోరిన పుట, ఫలితమును దెలుపు మూడంకెల సంఖ్య, పంపిన బైట్ల లెక్క — ఇవి యన్నియు ఒక్క పంక్తిలో నుండును. 200 అనగా కోరినది దొరకినది. 404 అనగా అట్టి పుట లేదు. 500 అనగా దోషము సర్వరు లోపలనే కలదు.

తీరికగా చదువు చిట్టా వేరు, నడుచుచుండగా చదువు చిట్టా వేరు. పదవ తరగతి ఫలితములు వెలువడు దినమున లక్షల మంది ఒకే గంటలో ఒకే పుటను కోరుదురు. అప్పుడు సర్వరు తడబడుచున్నదా యని సాయంకాలము తెలిసికొనిన ప్రయోజన మేమి? పిల్లవాడు తెరముందు వేచియున్నంతలోనే తెలియవలెను.

ఇందుకు వలయు పనిముట్లు కొత్తవి కావు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1969లో యూనిక్స్ అను వ్యవస్థ ప్రారంభమైనది. ఒక ఆదేశము వెలువరించిన దానిని మరియొక ఆదేశమునకు అందించు గొట్టపు ఏర్పాటును, డగ్లస్ మెకిల్‌రాయ్ సూచనపై కెన్ థాంప్సన్ 1973లో అందులో చేర్చెను. ఆ వ్యవస్థలో ‘టెయిల్’ అను ఆదేశము ఫైలు చివరి పది పంక్తులను చూపును. దానికి ‘ఎఫ్’ అను గుర్తు చేర్చినచో అంతటితో ఆగక, కొత్త పద్దు పడినకొలది దానిని వెలువరించుచుండును. ‘గ్రెప్’ కోరిన మాట గల పంక్తులను ఏరును. 1977లో పుట్టిన ‘ఆక్’ పంక్తిని గడులుగా విభజించును. అపాచీ సర్వరు సాధారణముగా వ్రాయు పంక్తిలో తొమ్మిదవ గడి ఫలిత సంఖ్య. టెయిలు నుండి ఆక్‌నకు గొట్టము కలిపి, ఆ గడిలో 400గాని అంతకు మించిన సంఖ్యగాని యున్న పంక్తులనే చూపుమన్నచో, లోపములు మాత్రమే తెరపై నిలుచును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. పంక్తులను వరుసలో పెట్టు ‘సార్ట్’ అను ఆదేశమును ఈ గొట్టము చివర తగిలించినచో తెరపై నేమియు రాదు. కడపటి పంక్తి వచ్చువరకు ఏది ముందో ఏది వెనుకో అది చెప్పజాలదు; నడుచుచున్న చిట్టాకు కడపటి పంక్తి లేదు. కావున ప్రవాహము నట్లుండనిచ్చి, చివరి వేయి పంక్తులను మాత్రము కోసికొని లెక్కించి, కొన్ని క్షణములకు మరల కోసి లెక్కించుట మేలు. పంక్తి వెంట పంక్తిగా సాగు ప్రశ్నలకే ప్రవాహము జవాబిచ్చును.

అంతకంటె ప్రమాదకరమైనది మౌనము. తెరపై లోపములు కనబడనంత మాత్రమున సర్వరు క్షేమమని తలపరాదు. మౌనమునకు మూడు కారణములు కలవు. మొదటిది: గ్రెప్ తన ఫలితమును మరియొక గొట్టములోనికి పంపునపుడు పంక్తికొకసారి విడువక, కొంత పోగైన పిదప ఒక్కమారుగా విడుచును. పంక్తికొకసారి విడువుమని దానికి ప్రత్యేకముగా చెప్పవలెను. రెండవది: చిట్టా మిక్కిలి పెరిగినపుడు యంత్రము దానికి వేరు పేరు పెట్టి, పాత పేరుతో కొత్త ఫైలును తెరచును. చిన్న ‘ఎఫ్’ పాత ఫైలునే పట్టుకొని యుండును. పెద్ద ‘ఎఫ్’ పేరును పట్టి కొత్త ఫైలునకు మరలును. మూడవది అన్నిటికంటె గూఢమైనది: అపాచీ పద్దు వ్రాయునది పని ముగిసిన పిదపనే. లోపల వేల కోరికలు చిక్కుపడి కదలకున్నను, అవి ముగియలేదు గనుక చిట్టాలో కనబడవు. సర్వరు మిక్కిలి బాధపడు వేళనే చిట్టా ప్రశాంతముగా తోచవచ్చును.

కావున నేర్పరియైనవాడు ఊరక చూచుచు కూర్చుండడు. మరియొక కిటికీ తెరచి, లేని పుట నొకదానిని కల్పిత నామముతో తానే అడుగును. దాని 404 పద్దు వెంటనే తెరపై పడినచో గొట్టము చెడలేదు, సర్వరు పలుకుచున్నది. పడనిచో, అంతవరకు తాను చూచిన మౌనము క్షేమమునకు గుర్తు కాదని అతడు గ్రహించి, కారణము వెదకుటకు ఉపక్రమించును.