చెట్టు బరువు ఎక్కడిది?

1990ల్లో అమెరికాలో తీసిన ‘మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్’ అనే డాక్యుమెంటరీలో ఒక చిన్న ప్రశ్న ఉంది. పేరుమోసిన విశ్వవిద్యాలయంలో అప్పుడే పట్టా పుచ్చుకున్న యువతీయువకులకు ఒక విత్తనం, ఒక దుంగ చూపించారు. ఇంత గింజ అంత మానైంది కదా, ఆ బరువంతా ఎక్కడి నుంచి వచ్చిందని అడిగారు. నేలలోంచి, నీళ్లలోంచి అని చెప్పినవాళ్లే ఎక్కువ. చాలావరకు గాలిలోంచే వచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు. కిరణజన్య సంయోగక్రియ గురించి వాళ్లు చదవక కాదు. బళ్లో చదివారు, పరీక్షలో రాశారు, మార్కులూ తెచ్చుకున్నారు.

మరి లోపం ఎక్కడుంది? ఏ ఒక్క పాఠంలోనూ కాదు, పాఠానికీ పాఠానికీ మధ్య.

మన తెలుగు బడుల్లో ఈ ఒక్క సంగతి ఎన్ని మెట్లు ఎక్కుతుందో చూస్తే విషయం తెలుస్తుంది. ప్రాథమిక తరగతుల పరిసరాల విజ్ఞానంలో మొక్కకు వేరు, కాండం, ఆకు ఉంటాయనీ, నీళ్లూ ఎండా కావాలనీ చెబుతారు. హైస్కూలుకొచ్చాక సామాన్య శాస్త్రంలో ఆకు ఆహారం తయారుచేస్తుందని వస్తుంది. దాంతోపాటే పాత అయోడిన్ ప్రయోగం. కుండీ మొక్కను రెండు రోజులు చీకట్లో ఉంచి, ఒక ఆకు మధ్యలో నల్ల కాగితం పట్టీ బిగించి, ఎండలో పెడతారు. తర్వాత ఆ ఆకును కోసి వేడినీళ్లలో ముంచుతారు. స్పిరిట్ పోసిన పరీక్షనాళికలో వేసి, దాన్ని వేడినీళ్ల బీకరులో నిలబెడతారు. స్పిరిట్‌ను నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది మరి. పచ్చదనం స్పిరిట్‌లోకి దిగిపోయి ఆకు పాలిపోతుంది. దాన్ని కడిగి అయోడిన్ చుక్కలు వేస్తే, ఎండ తగిలిన భాగం నీలినలుపుకు తిరుగుతుంది, పట్టీ కింది భాగం తిరగదు.

చక్కటి ప్రయోగమే. అయితే అది రుజువు చేసేది ఒక్కటే: వెలుతురు లేకపోతే పిండిపదార్థం తయారు కాదని. అది దేనితో తయారైందో చెప్పదు. ఎండే పిండిగా మారిందని పిల్లవాడు అనుకుంటే తప్పు వాడిది కాదు.

గాలి చెట్టవుతుందని నమ్మాలంటే ముందు మూడు సంగతులు మనసుకెక్కాలి. గాలికి బరువుంటుంది. కంటికి కనిపించని వాయువూ చేతికి తగిలే చెక్కా అవే రకాల పరమాణువులతో తయారవుతాయి. రసాయన చర్యలో ద్రవ్యం మాయమైపోదు, కొత్తగా పుట్టదు. ఈ మూడోది, అంటే ద్రవ్య నిత్యత్వ నియమం, 9వ తరగతిలో వస్తుంది. ఆకు పాఠం అంతకు ముందే అయిపోతుంది.

శాస్త్రజ్ఞులకే ఇది అంత తేలిగ్గా తెగలేదు. వాన్ హెల్మాంట్ అనే శాస్త్రజ్ఞుడు కుండీలో ఎండు మట్టి 200 పౌన్లు తూచి పోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌన్లయింది. మట్టి తగ్గింది రెండు ఔన్సులే. మిగతాదంతా నీరేనని ఆయన తేల్చాడు. 1648లో అచ్చయింది ఆ సంగతి. బొగ్గు కాలిస్తే వచ్చే వాయువును గుర్తించినవాడూ ఆయనే, కానీ ఈ రెంటినీ కలపలేదు. గాలిలోని కర్బనం, వేరు పీల్చిన నీరు కలిసి మొక్క బరువవుతాయని సొషూర్ అనే మరో శాస్త్రజ్ఞుడు కొలిచి చూపేసరికి 1804 వచ్చింది.

పాఠ్యప్రణాళిక అంటే ఏ సంగతి ముందు, ఏది తర్వాత అన్న లెక్కే. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఎగరేశాక అమెరికా తన సైన్సు చదువుల మీద కంగారుపడింది. 1959లో అక్కడి వుడ్స్ హోల్‌లో శాస్త్రజ్ఞులూ మనస్తత్వవేత్తలూ కూర్చుని మాట్లాడుకున్నారు. మరుసటి ఏడాది మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ రాసిన పుస్తకంతో ‘సర్పిల పాఠ్యప్రణాళిక’ అన్న ఆలోచన ప్రచారంలోకి వచ్చింది. ఏ విషయాన్నైనా చిన్నతనంలోనే నిజాయితీగా మొదలుపెట్టొచ్చు, తర్వాతి తరగతుల్లో దాని దగ్గరికే మళ్లీ వస్తూ లోతు పెంచాలి అని దాని సారం. మన పుస్తకాలూ పైకి ఆ పద్ధతే. వచ్చిన చిక్కల్లా, మళ్లీ రావడం వేరు, వచ్చినప్పుడు పాతదాన్ని తట్టిలేపడం వేరు. చాలాసార్లు మొదటిదే జరుగుతుంది.

8వ తరగతి నుంచి మన దగ్గర సైన్సు రెండుగా చీలుతుంది. ఆకు బయాలజీ టీచర్ వైపు, పరమాణువు ఫిజికల్ సైన్స్ సారు వైపు. పదో తరగతిలో కిరణజన్య సంయోగక్రియ సమీకరణం జీవశాస్త్రం పుస్తకంలో వచ్చేసరికి, సమీకరణాల తుల్యం పాఠం పక్క పుస్తకంలో అయిందో లేదో ఎవరూ పట్టించుకోరు. ఇద్దరు టీచర్లు స్టాఫ్‌రూములో పది నిమిషాలు మాట్లాడుకుంటే తీరే ఇబ్బంది ఇది. టైంటేబుల్‌లో ఆ పది నిమిషాలకు గడి లేదు.

వరుస చెడితే ఏమవుతుందన్నదాని మీద 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు మారినప్పుడు దేశమంతా చర్చ జరిగింది. పదో తరగతి సైన్సు నుంచి జీవపరిణామం, మూలకాల ఆవర్తన పట్టిక తీసేశారు. భారం తగ్గించడానికని, పై తరగతుల్లో అవి ఎలాగూ ఉన్నాయని సమాధానం వచ్చింది. పై తరగతుల్లో ఉన్నమాట నిజమే. కానీ అందరూ కలిసి సైన్సు చదివేది పదో తరగతి వరకే. సీబీఎస్‌ఈలో పది ముగించి ఇంటర్‌లో సీఈసీ తీసుకున్న పిల్లకు ఈ రెండూ ఎదురుపడవు. ఎంపీసీలో చేరితే పట్టిక వస్తుంది, డార్విన్ రాడు. రెండూ దక్కేది బైపీసీ వాళ్లకే.