నెట్ ఎక్కడ ఆగింది?

2011లో మీసేవ మొదలైంది. అప్పటి నుంచీ కులం, ఆదాయం సర్టిఫికెట్లు కంప్యూటరు మీదే వస్తున్నాయి. కూలి మానుకుని వాటి కోసం వెళతాం. "నెట్ రావడం లేదమ్మా, రేపు రా" అంటారు. ఆ రోజు కూలి పోయినట్టే. బస్సు చార్జీ కూడా దండగే. అలా అన్నప్పుడు ఒక మాట అడగండి. "అన్ని కంప్యూటర్లకూ రావడం లేదా? ఈ ఒక్కదానికేనా?"

మన ఇంట్లో లైటు ఆరిపోతే ఏం చేస్తాం? పక్కింటి వైపు చూస్తాం. అక్కడా చీకటైతే కరెంటు పోయింది. అక్కడ వెలుగుంటే తప్పు మన ఇంట్లోనే ఉంది. కంప్యూటర్ల సంగతీ ఇంతే.

ఆఫీసులో ఒక చిన్న పెట్టె ఉంటుంది. దాని పేరు కూడా స్విచ్చే. లైటు వేసే స్విచ్ కాదు. ఒక్కో కంప్యూటరు నుంచి ఒక్కో తీగ ఆ పెట్టెకు వస్తుంది. అక్కడి నుంచి బయటి లైనుకు దారి. పక్క కంప్యూటర్లు పనిచేస్తుంటే బయటి లైను బాగున్నట్టే.

ముందు తీగ చూడాలి. తీగ గుచ్చిన చోట మామూలుగా చిన్న దీపం వెలుగుతుంది. వెలగకపోతే తీగ వదులైందో, తెగిందో అనుకోవాలి. తీగ లోపల ఎనిమిది సన్నని తీగలుంటాయి. ఎలుక కొరికినా, కుర్చీ కాలి కింద నలిగినా పాడవుతాయి. తీగ కొసన ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. సరిగ్గా గుచ్చితే టిక్కుమంటుంది. ఆ నాలుక విరిగితే తీగ నిలవదు. చీపురు తగిలినా జారిపోతుంది. తిట్లు మాత్రం ఊడ్చే అక్కకు పడతాయి!

పక్క కంప్యూటరు తీగను దీనికి పెట్టి చూస్తారు. నెట్ వచ్చిందా, కంప్యూటరు మంచిదే. తప్పు పాత తీగలో ఉంది, లేదా పెట్టెలో దాన్ని గుచ్చిన కన్నంలో ఉంది.

దీపం వెలిగినా ఒక్కోసారి నెట్ రాదు. ఇంటికి నంబరు ఉన్నట్టే కంప్యూటరుకూ ఒక నంబరు ఉంటుంది. అది 169.254తో మొదలైతే, సరైన నంబరు అందలేదని గుర్తు. ఆపి మళ్లీ వేస్తే ఒక్కోసారి అందుతుంది. తేదీ కూడా చూడాలి. కంప్యూటరు లోపల రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోవచ్చు. అప్పుడు నెట్ ఉన్నా సర్కారు సైట్లు తెరుచుకోవు.

ఆఫీసు తీగలు మనం ముట్టుకోవద్దు. అది వాళ్ల పని. ఆగింది ఒక్క కంప్యూటరే అయితే, మన అప్లికేషను పక్కదానిలో ఎక్కించమని అడగండి. ఎక్కించాక రసీదు ఇస్తారు. దాని మీద మీ పేరు, నంబరు, తేదీ అక్కడే చదివి చూసుకోండి.