1,957 ఓట్లు

పిట్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, పులిహోర ప్రసాదం తిని, 79వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద ఉత్తరంగా రెండు గంటలు పోతే రోడ్డు అయిపోతుంది. ఎదురుగా సముద్రమంత సరస్సు. అదే మా ఊరు, ఈరీ. 1986లో వచ్చిన కొత్తలో ఊరి పేరు ఉత్తరంలో రాస్తే, "ఈర్లేమిట్రా, పేలదువ్వెన పంపించనా?" అని జవాబు రాసింది మా అమ్మ.

2017 క్రిస్మస్ నాడు ఒక్కరోజులో 34 అంగుళాల మంచు కురిసి మా ఊరు వార్తల్లోకెక్కింది. దానికి ముందు ఏడాది ఎక్కింది మాత్రం ఓట్ల మూలంగా.

1984లో రీగన్‌ని గెలిపించాక, 2012 దాకా ఈ కౌంటీ ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ డెమొక్రాట్లకే పట్టం కట్టింది. 2012లో ఒబామాకి ఇక్కడ సుమారు 16 శాతం ఆధిక్యం. అలాంటిది 2016లో ట్రంప్ 1,957 ఓట్లతో గెలిచారు. 2020లో బైడెన్ 1,417 ఓట్లతో గెలిచారు. 2024లో మళ్ళీ ట్రంప్, ఇంచుమించు ఒక్క శాతం తేడాతో. మూడుసార్లూ ఈరీ ఎటు మొగ్గితే పెన్సిల్వేనియా అటే మొగ్గింది, శ్వేతసౌధమూ అటే పోయింది. నాలుగేళ్ళకోసారి టీవీ వాళ్ళు కెమెరాలు భుజాన వేసుకుని మా ఊరి కాఫీ హోటళ్ళ మీద పడటం అందుకే.

కారణాలు వెతకడానికి పెద్ద చదువులక్కర్లేదు. 1960లో ఊరి జనాభా 1,38,000 పైచిలుకు. 2020 నాటికి 95,000 కూడా లేరు. కాగితం మిల్లు 2002లో మూతపడింది. పక్కనే లారెన్స్ పార్కులో రైలింజన్ల కర్మాగారం. వందేళ్ళు జనరల్ ఎలక్ట్రిక్ వారిది, 2019 నుంచి వాబ్‌టెక్ వారిది. 2013లో 950 ఉద్యోగాలు, 2015లో 1,500 ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటనలు వచ్చాయి. తాతల కాలం నుంచీ యూనియన్ చెప్పిన పార్టీకి కళ్ళు మూసుకుని ఓటేసిన ఇళ్ళలో అప్పుడు మొదలైంది గొణుగుడు.

ఆ 2015లోనే మన భారతీయ రైల్వేలు 1,000 డీజిల్ ఇంజన్లకి ఇదే కంపెనీకి ఆర్డరిచ్చాయి. మొదటి ఇంజన్లు ఇక్కడ తయారై 2017లో ఇండియా చేరాయి. మిగతావి బీహారులో తయారు చెయ్యాలని ఒప్పందం. మా పక్కింటాయన ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి. ఇరవై ఏళ్ళుగా మా డ్రైవ్‌వే మీద మంచు కూడా తనే తీసి పెడుతున్నాడు. ఓ రోజు పేపరు పట్టుకొచ్చి, "మిగతావన్నీ మీ దేశంలోనే చేస్తారటగా?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. పౌరసత్వం తీసుకుని అప్పటికి పదిహేనేళ్ళు. ఏ దేశం మాదో ఆ నిమిషాన నాకు నోట రాలేదు.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. 2016 నవంబరులో నేను తెనాలిలో మేనకోడలి పెళ్ళిలో ఉన్నాను. వెళ్ళేముందు ఆబ్సెంటీ బ్యాలెట్‌కి దరఖాస్తు పెట్టుకోమని మా వాడు రెండుసార్లు గుర్తుచేశాడు. "ఈ ఊళ్ళో ఫలితం ఎప్పుడూ ఒకటేగా" అని ఊరుకున్నాను. 1983 జనవరిలో ఎన్టీరామారావుగారి గాలి వీచినప్పుడు మా నాయనమ్మని రిక్షాలో తీసుకెళ్ళి మరీ ఓటు వేయించినవాణ్ణి నేను! ఫలితాలు రాగానే మా వాడు ఫోను చేసి, "1,957 నాన్నా" అని పెట్టేశాడు. నేను ఎవరికి వేసేవాణ్ణో ఇక్కడ రాయను. సావనీరు సంపాదకులకి లేనిపోని తలనొప్పి.

తెలుగువాళ్ళందరం ఒకే పార్టీ అనుకునేరు, అదేం లేదు. డాక్టర్లు పన్నుల గురించి, గానన్ యూనివర్సిటీ కుర్రాళ్ళు వీసాల గురించి. ఓటు లేనివాళ్ళ గొంతే పెద్దది! ఊళ్ళో వాళ్ళ సంగతీ అంతే. నగరం ఒకవైపు, దక్షిణాన పొలాల పల్లెలు ఇంకోవైపు, మధ్యలో మేముండే మిల్‌క్రీక్ ఊగుతూ ఉంటుంది. నగరంలో భూటాన్ నేపాలీలు, బోస్నియా, సిరియా, కాంగో శరణార్థులు స్థిరపడ్డారు. పౌరులైనవాళ్ళు ఓటర్లూ అయ్యారు. 2022లో ఇదే కౌంటీ గవర్నరుగా షపీరోకీ సెనేట్‌కి ఫెటర్‌మన్‌కీ, అంటే ఇద్దరు డెమొక్రాట్లకి ఆధిక్యం ఇచ్చింది, రెండేళ్ళకి ట్రంప్‌కి. మన కులం లెక్కలు వేసేవాళ్ళకి ఇక్కడ మతి పోతుంది.

2019 చట్టంతో కారణం చెప్పకుండానే పోస్టులో ఓటు వెయ్యొచ్చన్నారు. 2020లో అలాగే వేశాను. ఎన్నికల రాత్రి ట్రంప్ ముందున్నారు. పోస్టు ఓట్లు లెక్కపెట్టేకొద్దీ తేడా కరిగి బైడెన్ ముందుకొచ్చారు. ఆ కవర్ల గుట్టలో నాదీ ఒకటుందని నిద్రమానుకుని చూశాను. మా ఆవిడ మాత్రం, "పోయినసారి నిద్ర ఇప్పుడు తీరుస్తున్నారా?" అంది.

2024లో పక్కింటాయన ట్రక్కులోనే ఇద్దరం పోలింగుకి వెళ్ళాం. ఆయన ముంగిట్లో ఒక బోర్డు, మా ముంగిట్లో మా వాడు పాతిన ఇంకో బోర్డు. మూడు వారాలకి, థాంక్స్‌గివింగ్ మర్నాడు, మళ్ళీ అడుగుల కొద్దీ మంచు. ఆ బోర్డులు రెండూ కూరుకుపోయాయి. తెల్లవారుజామున ఆయన మంచు యంత్రం మా వాకిట్లోనే మోగింది. మా ఆవిడ వేడివేడి గారెలు పంపింది, పచ్చడి లేకుండా. ఆయన కారం తినలేడు.