కడుపులో మంట.. చదువుకు తంటా?

అశోక్‌నగర్‌, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌ హాస్టళ్లలో ఉండి ఉద్యోగాలకు సిద్ధమయ్యే చాలామంది దినచర్య ఒకేలా ఉంటుంది. పొద్దున టిఫిన్‌ మానేసి క్లాసుకు పరుగు. మధ్యాహ్నం దాకా టీలతోనే సరి. స్టడీ హాల్‌ నుంచి వచ్చేసరికి రాత్రి పది. ఆకలి మీద కడుపునిండా తినేసి వెంటనే మంచమెక్కేస్తారు. అర్ధరాత్రి ఛాతీలో మంట, గొంతులోకి పుల్లటి నీళ్లు. ఇక నిద్రెక్కడ? మర్నాడు మాక్‌ టెస్టులో కళ్లు మూతలు పడతాయి. ఒక గోళీ వేసుకుంటే సరిపోతుందిలే అనుకుంటాం. కానీ ముందు మార్చుకోవాల్సింది టైంటేబుల్‌!

ఎందుకిలా?

అన్నవాహిక జీర్ణాశయంలో కలిసేచోట తలుపులాంటి కండరం ఉంటుంది. తిన్నది లోపలికి దిగగానే అది మూసుకోవాలి. వదులైతే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. కడుపు బాగా నిండినా, తిన్న వెంటనే నడుం వాల్చినా ఈ ఇబ్బంది ఎక్కువవుతుంది.

ఇలా చేసి చూడండి

• భోజనానికీ పడకకూ మధ్య 3 గంటల తేడా ఉండాలి. 11 గంటలకు పడుకునేవాళ్లు 8 గంటలకే తినేయాలి. మధ్యలో మెస్‌కు వచ్చి తిని, మళ్లీ వెళ్లి చదువుకోవచ్చు. కుదరకపోతే బాక్సు కట్టించుకోండి.

• టిఫిన్‌ మానొద్దు. ఒకేసారి ఎక్కువ తినేకంటే కొంచెం కొంచెంగా తినడం మేలు.

• మిర్చి బజ్జీ, బిర్యానీ, కాఫీ, చాక్లెట్‌, కూల్‌డ్రింక్‌.. వీటిలో ఏది పడదన్నది మనిషిని బట్టి మారుతుంది. రెండు వారాలు ఏం తిన్నారో, ఎప్పుడు మంట వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. మీకు పడనిదేదో తెలిసిపోతుంది. అన్నీ మానేయక్కర్లేదు.

• మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి 6 నుంచి 8 అంగుళాలు ఎత్తు చేయండి. రెండు మూడు దిండ్లు పెట్టుకుంటే మెడ మాత్రమే వంగుతుంది, ఫలితం ఉండదు. ఎడమవైపు తిరిగి పడుకుంటే ఇంకా మంచిది.

• సిగరెట్‌ మానేయాలి. బరువు ఎక్కువుంటే తగ్గాలి. బెల్టు బిగించి కట్టొద్దు.

టాబ్లెట్లతో జాగ్రత్త

పాంటోప్రజోల్‌ లాంటివి సాధారణంగా టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవాలి. మెడికల్‌ షాపులో కొనుక్కుని నెలల తరబడి సొంతంగా వాడొద్దు. తలనొప్పికి తరచూ వేసుకునే నొప్పి మాత్రలు కూడా కడుపును దెబ్బతీయొచ్చు.

డాక్టర్‌ దగ్గరకు ఎప్పుడు?

వారానికి రెండుసార్లకు మించి మంట వస్తున్నా, మింగడం కష్టమవుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా పరీక్షల తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. నల్లటి విరేచనాలు, రక్తపు వాంతులు అయితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకినా, ఊపిరాడకపోయినా ఎసిడిటీ అనుకోకుండా వెంటనే 108కి ఫోన్‌ చేయాలి.

సిలబస్‌కు ప్లాన్‌ వేసుకున్నట్టే భోజనానికీ వేసుకోండి. ఇందులో ఖర్చయ్యేదేమీ లేదు. ఈ రాత్రి భోజనాన్ని రెండు గంటలు ముందుకు జరపడంతోనే మొదలుపెట్టొచ్చు.